అంగన్‌వాడీలో ‘అంగన’ ఎవరు?

విజయవాడ నుంచి:
అందరికీ నమస్కారం. మొన్న పటమటలో మా ఇంటి దగ్గర చిన్న వాదన. అంగన్‌వాడీలో టీచరూ ఆయమ్మా ఇద్దరూ ఆడవాళ్లే కాబట్టి అది ‘అంగనల వాడ’ అని మా బాబాయి తేల్చేశారు. అంగన అంటే స్త్రీ అని నిఘంటువులో ఉంది, వాడేమో మన బెజవాడలోనే ఉంది! కాదని చెప్పడానికి ఆధారం దొరక్క ఊరుకున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు నుంచి:
బాబాయిగారి లెక్క ముచ్చటగా ఉందండీ, కానీ తప్పు. ఇక్కడున్నది ఇంటి ముందు ఖాళీ చోటు, అంగణం. ‘ప్రాంగణం’లో ఉన్నదీ అదే. సంస్కృతంలో ‘అంగనం’ అని కూడా ఉంది, అందుకే ఈ తికమక. హిందీలో అది ‘ఆంగన్’. ఇక మరాఠీ ‘వాడీ’ అంటే తోట, చిన్న పల్లె. మన వాడకి దగ్గరి చుట్టమే, రెండిటికీ మూలం ‘వాట’ శబ్దం.

ఈ మాట వెనక ఉన్న మనిషి తారాబాయి మోడక్ (1892–1973). గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా అనే విద్యావేత్తతో కలిసి, చిన్నపిల్లలు ప్రత్యేక పరికరాలతో తామే చేస్తూ నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతిలో పనిచేశారు. ఆ ఖరీదైన సామాను పల్లెలకు ఎక్కడ అందుతుంది? 1945లో మహారాష్ట్రలోని బోర్డి అనే ఊరు వెళ్లి, అక్కడ దొరికే వస్తువులతోనే బాలవాడీ, అంటే చిన్నపిల్లల బడి, నడిపారు. గిరిజనుల పిల్లలు రాలేదు. పశువులు కాయాలి, చంటిపిల్లల్ని చూసుకోవాలి, ఎలా వస్తారు? దాంతో బడినే వాళ్ల వాకిట్లోకి పట్టుకెళ్లారు. అదీ అంగన్‌వాడీ! ఆమెకు తోడుగా నిలిచిన అనుతాయి వాఘ్‌కి పదమూడేళ్లకే పెళ్లి, ఆరు నెలల్లోనే భర్త పోయాడు. ఆ తర్వాతే చదువుకుని టీచరయ్యారు. 1975లో కేంద్రం పెట్టిన శిశు అభివృద్ధి పథకం ఈ పేరునే దేశమంతా తిప్పింది.

మా గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మగారు ఆడపిల్లల చదువు కోసం నడిపిన సంస్థ పేరు చూడండి, శారదా నికేతనం. అప్పట్లో చదువంటే సరస్వతీ, నికేతనమూ. వాకిలి పేరు పెట్టాలని తోచడమే నాకు గొప్పగా అనిపిస్తుంది.

విజయవాడ నుంచి:
ధన్యవాదాలండీ. మరి తెలుగులో ‘ముంగిలి బడి’ అనొచ్చా?

గుంటూరు నుంచి:
అనొచ్చు, వినసొంపుగానే ఉంది. కానీ యాభై ఏళ్లుగా నలిగిన మాటని ఇప్పుడెవరు మారుస్తారు? ‘అంగన్‌వాడి కేంద్రం’ అని బోర్డు మీద పొట్టిగా రాస్తే మాత్రం నాకు చిరాకు, చివర దీర్ఘం ఉండాలి.

విజయవాడ నుంచి:
బాబాయికి అంతా చదివి వినిపించాను. ‘వాకిట్లో కూర్చుని చెప్పింది అంగనలేగా’ అని మళ్లీ మొదటికొచ్చారు.