పిల్లల ముందు డైటింగ్ మాటలు: మానేయాలా, మార్చుకోవాలా?

ప్రాథమిక పాఠశాల టీచర్, గజపతినగరం
ఆరేళ్ల పిల్ల బడిలో ఇచ్చిన చిక్కీ పక్కన పెట్టి "తింటే లావైపోతాను" అంటోందంటే ఆ భయం ఎక్కడిది? పెద్దవాళ్లు పిల్లల ముందు డైటింగ్ ఊసే ఎత్తకూడదా? తెలిసినవాళ్లు చెప్పండి.

డైటీషియన్, శ్రీకాకుళం
ఎత్తకపోవడమే మేలు. 2000లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఐదేళ్ల ఆడపిల్లల మీద ఒక అధ్యయనం వచ్చింది. తల్లి డైటింగ్ చేసే ఇళ్లలోని పిల్లలకు డైటింగ్ గురించిన ఆలోచనలు ఉండే అవకాశం మిగతావారికంటే రెండింతలకు పైగా కనిపించింది. నాలుగైదేళ్ల వయసులో ఏదైనా మంచి, కాకపోతే చెడు; మధ్యస్తం తెలీదు. అమ్మ అద్దం ముందు పొట్ట పట్టుకుని "ఛీ, ఎంత లావైపోయాను" అంటుంది. "నిన్న రెండు అరిసెలు తిన్నాను, ఇవాళ రాత్రి అన్నం లేదు" అంటుంది. పిల్లకి అందులో కెలోరీల లెక్క వినపడదు. లావు తప్పని, తింటే శిక్ష పడుతుందని వినపడుతుంది. పైగా ఆ పిల్లతో అందరూ "అచ్చం మీ అమ్మ పోలికే" అంటూంటారు.

కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, రాజాం
ఒప్పుకోలేను మేడమ్. ఆ రెండూ కలిసి కనిపించాయంటే ఒకదాని వల్లే రెండోది వచ్చిందని తేలినట్టు కాదు. ఆలోచన వచ్చినంత మాత్రాన పిల్ల తిండి మానేసిందనీ కాదు. ఊళ్లలో 30 దాటిన వాళ్లకి బీపీ, సుగర్ చూస్తున్నాం. సుగర్ బయటపడిన తల్లి అన్నం తగ్గించాలి, స్వీటు మానాలి. అదీ పిల్లలకి దాచమంటారా? దాస్తే ఇంకా బెంగ పెట్టుకుంటారు.

డైటీషియన్, శ్రీకాకుళం
పథ్యం దాచమనడం లేదండి. "నాకు సుగర్ ఉంది, డాక్టరు గారు ఇలా తినమన్నారు. నీది ఎదిగే ఒళ్లు, నీకు అన్నీ కావాలి" అని ఒక్కసారి చెప్తే చాలు. తర్వాత అందరికీ ఒకటే పప్పు, ఒకటే కూర. తల్లి అన్నం ఒక గరిట తగ్గించి కూర ఒక గరిట పెంచుకుంటే పిల్లలు పట్టించుకోను కూడా పట్టించుకోరు. తల్లి ఒక్కతే ఓట్స్ గిన్నె పెట్టుకుని పిల్లల కంచాల వైపు చూసి నిట్టూర్చిందా, అక్కడే చెడుతుంది. తూకం మిషను హాల్లోంచి తీసేయండి. వారానికోసారి, పిల్లలు లేనప్పుడు చూసుకోండి. అంకె పైకి చదవకండి.

అంగన్‌వాడీ సూపర్‌వైజర్, ఆమదాలవలస
అందరూ లావు మాటే పట్టుకున్నారు. మన వైపు అంతకంటే ఎక్కువ వినపడేది: "ఏటమ్మా, గుంట ఇలా పీలగైపోనాది, తిండెట్టట్లేదేటి?" ఇదీ ఒంటి మీద తీర్పే, పిల్ల వింటూనే ఉంటుంది. ఏడాది దాటాక పిల్లల బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క) తగ్గుతూ వచ్చి, ఐదారేళ్లకి బాగా కిందికి చేరి, మళ్లీ పెరుగుతుంది. అప్పుడు సన్నగా కనపడటం చాలామందికి మామూలే. రజస్వలకు ముందు ఆడపిల్లలు కాస్త ఒళ్లు చేయడమూ మామూలే. కంటితో తేల్చకండి. ఐదేళ్లలోపు వాళ్లకి డబ్ల్యూహెచ్‌ఓ పట్టికలో ఎత్తుకు తగ్గ బరువు చూడాలి: సగటు గీత సున్నా అనుకుంటే, −2 గీత కంటే కిందైతే బక్కచిక్కినట్టు, −3 దిగితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, +2 దాటితే అధిక బరువు. ఐదు దాటిన వాళ్లకి ఐఏపీ (భారత పిల్లల వైద్యుల సంఘం) 2015 చార్టు ఉంది. చార్టులో పిల్ల బరువు గీత కాస్త జారుతుంటే తిట్టి కుక్కకండి. చోడి (రాగి) జావ, ఒక గుడ్డు, అన్నంలో చెంచాడు నూనో నెయ్యో కలపండి. ఆ చెంచాతోనే సుమారు 45 కెలోరీలు వస్తాయి.

ప్రాథమిక పాఠశాల టీచర్, గజపతినగరం
బడుల్లో బరువు తీసేటప్పుడు అంకె గట్టిగా చదివితే వెనక వరుస నవ్వుతుంది. ఒక్కొక్కరినే పిలిచి, ఏమీ అనకుండా రిజిస్టర్‌లో రాసుకోవచ్చు.

కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, రాజాం
తూకం సంగతి సరే. కానీ చిప్స్, కూల్‌డ్రింక్ విషయంలో గట్టిగా వద్దనకపోతే కుదరదు. ఇక్కడ నేను తగ్గను.

డైటీషియన్, శ్రీకాకుళం
వద్దనండి, కానీ కొట్లోనే. కొని తెచ్చి అలమరలో కనపడేట్టు పెట్టి వద్దంటే మనసంతా దాని మీదే ఉంటుంది. కళ్లెదుట ఉంచి వద్దన్న తిండినే పిల్లలు మరింత కోరుకుంటారని 1999లో వచ్చిన ప్రయోగాల్లో చూశారు. కారణం అడిగితే పళ్లు పుచ్చిపోతాయని చెప్పండి, అన్నానికి ఆకలి ఉండదని చెప్పండి. "లావైపోతావు" మాత్రం వద్దు. సిరిమాను జాతరలో మిఠాయి కొనిపెట్టారా, ఇక లెక్కలు తీయకుండా తిననివ్వండి.