మా అమ్మాయి సొరోరిటీ రష్‌కి వెళ్తానంటోంది, ఎలా సిద్ధం చేయాలి?

ఫ్రిస్కో_అమ్మ:

అందరికీ నమస్తే. మా అమ్మాయి ఈ ఆగస్టులో టెక్సస్‌లోనే ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో చేరుతోంది. డార్మ్ సామాన్లు, వ్యాక్సిన్ కాగితాలు, మీల్ ప్లాన్ అంటూ నా టెన్షన్‌లో నేనుంటే మొన్న భోజనాల దగ్గర "అమ్మా, నేను రష్‌కి వెళ్తాను, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలి" అంది. సొరోరిటీ అంటే కాలేజీ అమ్మాయిల సంఘమట, చేరాలనుకునే పిల్లలు ఆ సంఘాల ఇళ్ళకి తిరిగి పరిచయం చేసుకోవడమే రష్ అట. వాటి గురించి ఫోన్లో కనిపించే ఒకేరకం బట్టల అమ్మాయిలు, వాళ్ళ డాన్సులు తప్ప నాకేమీ తెలియదు. మేం గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ళం. సీనియర్లంటే ర్యాగింగే గుర్తొస్తుంది. మా ఆయనైతే "చదువుకోవడానికి వెళ్తోందా, సంఘాల్లో చేరడానికా" అని అక్కడే లేచిపోయారు. పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది.

వద్దని చెప్పే ముందు అసలు సంగతి తెలుసుకుందామని అడుగుతున్నాను. ఖర్చెంత అవుతుంది? తాగుడు, ర్యాగింగ్ ఉంటాయా? మన రంగు చూసి పక్కన పెడతారా? మన పిల్లల కోసం వేరే సొరోరిటీలు ఉన్నాయట, వాటికి వెళ్ళమననా? అన్నిటికన్నా నా భయం ఏంటంటే, వారం రోజులు ఇల్లిల్లూ తిరిగాక ఎవరూ తీసుకోకపోతే? కాలేజీ మొదటి వారంలోనే దాని మనసు విరిగిపోతే నేను ఇక్కడ కూర్చుని ఏం చేయగలను?

ఆస్టిన్_అక్క:

అక్కా, ముందు ఊపిరి పీల్చుకోండి. నేను టెక్సస్‌లోనే రష్ చేసి, నాలుగేళ్ళు ఒక చాప్టర్లో (సొరోరిటీకి ఒక్కో క్యాంపస్‌లో ఉండే శాఖ) ఉండి, ఆఖరి ఏడాది రష్‌కి వచ్చిన పిల్లలకి తోడుండే రో గామాగా కూడా చేశాను (కొన్ని యూనివర్సిటీల్లో పై కై అంటారు). రో గామాలు ఆ కొన్నాళ్ళూ తాము ఏ సొరోరిటీయో బయటికి చెప్పకూడదు, వాళ్ళ పని మీ అమ్మాయి పక్కన నిలబడటమే. మొదటి రోజే ఆ అమ్మాయి నంబరు తీసుకోమనండి. ఏడుపొచ్చినా, చెప్పు తెగినా ముందు ఆమెకే ఫోన్ చేయాలి.

మీరు ఫోన్లో చూసినవి దాదాపు అన్నీ నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కింద ఉన్న సొరోరిటీలు. 1902 నుంచీ ఉన్న కూటమి అది. వీళ్ళ రష్ చాలాచోట్ల క్లాసులు మొదలయ్యే ముందే ఆగస్టులో అయిపోతుంది, వాండర్‌బిల్ట్ లాంటి చోట మొదటి ఏడాది పిల్లలకి జనవరిలో. పద్ధతి ఇదీ: మొదటి రౌండ్‌లో అన్ని ఇళ్ళూ తిరుగుతారు. ప్రతి రౌండ్ తర్వాత అమ్మాయి తనకి నచ్చిన వరుస రాస్తుంది, ఇళ్ళవాళ్ళూ తమ జాబితా ఇస్తారు, రెండూ కంప్యూటర్లో కలుపుతారు. పొద్దున్నే ఆ రోజు ఎవరెవరు మళ్ళీ పిలిచారో కాగితం చేతికొస్తుంది. రోజురోజుకీ ఇళ్ళు తగ్గుతూ ఆఖరికి రెండు మిగులుతాయి. దాన్ని ప్రిఫరెన్స్ రౌండ్ అంటారు. అది అవగానే ఏ ఇళ్ళు కావాలో రాసి సంతకం, తర్వాత బిడ్ డే, అంటే చేరమనే పిలుపు (బిడ్) వచ్చే రోజు.

ఇప్పుడు మీ అసలు భయం గురించి. ఒక్కో ఇల్లు ఎంతమందిని మళ్ళీ పిలవవచ్చో అంకె ముందే ఇస్తారు, గత సంవత్సరాల్లో వాళ్ళు పిలిస్తే ఎంతమంది వెనక్కి వచ్చారన్న లెక్కని బట్టి. అందరూ ఎగబడే ఇంటికి తక్కువ అంకె వస్తుంది. అంటే ఆ ఇల్లు మొదటి రాత్రే వందల మందిని వదిలేయాల్సిందే, అందులో ఎంత మంచి పిల్లలున్నా సరే. రెండో రోజు పొద్దున పిల్లలు ఏడ్చేది దీనికే. "నేను ఏం తప్పు మాట్లాడాను" అని రాత్రి మాటలన్నీ తవ్వుకుంటారు. తప్పేమీ ఉండదు అక్కా, అది లెక్క. ఈ ఒక్క ముక్క ముందే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి, బట్టలకన్నా ఇదే ముఖ్యం. నాకెవరూ చెప్పలేదు. రెండో రోజు బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను, బయటికి వినపడకుండా.

ఇంకోటి, పిలిచిన ఇంటికల్లా వెళ్ళాలి. "ఆ ఇల్లు పాపులర్ కాదట" అని స్నేహితులు చెప్పిన మాట విని పేరు కొట్టేసుకున్న పిల్లలే ఆఖర్న ఖాళీ చేతుల్తో మిగులుతారు. ప్రిఫరెన్స్‌కి పిలిచిన ఇళ్ళన్నిటి పేర్లూ రాస్తే బిడ్ రాకపోవడం చాలా అరుదు. ఒక్కటే రాసి సంతకం పెడితే మాత్రం పెద్ద సాహసం. ఆ సంతకం ఉత్తది కాదు, బిడ్ వచ్చాక వద్దంటే ఆ క్యాంపస్‌లో ఏడాది దాకా వీటిలో ఇంకో దాంట్లో చేరడానికి వీల్లేదు. కాబట్టి తను నిజంగా ఉండలేని ఇంటి పేరు రాయకూడదు.

సిద్ధం కావడమంటే మాట్లాడటమే. ఇంట్లో అడుగుపెట్టగానే యాభై మంది చప్పట్లు, పాటలు, అరుపులు, ఒకమ్మాయి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది, నాలుగైదు నిమిషాలకి ఇంకో అమ్మాయి వచ్చి కలుస్తుంది, ఆ గోలలో మాట వినపడదు. అందుకని "ఏం చేస్తుంటావు" అంటే కూచిపూడి, డిబేట్, రోబోటిక్స్ అని రెజ్యూమె చదివితే ఎవరికీ గుర్తుండదు. ఒక్క సంగతి చెప్పాలి, చెప్పి ఎదుటి పిల్లని కూడా ఒకటి అడగాలి. అబ్బాయిలు, తాగుడు, డబ్బు, మతం, రాజకీయాలు, ఈ ఐదూ తీసుకురావద్దని ముందునుంచీ చెప్పే మాట. నా పేరులో 'ళ' ఉంది. మొదటి రోజు ప్రతి ఇంట్లోనూ నాలుక ఎలా మడవాలో చూపించాను, అందరూ నవ్వారు, ప్రయత్నించారు. మూడో రోజు తలుపు దగ్గరే ఒకమ్మాయి నన్ను సరిగ్గా 'ళ'తో పిలిచింది. నేను చేరింది ఆ ఇంట్లోనే. మీ అమ్మాయి పేరు పొడవుదైతే కుదించొద్దని చెప్పండి.

రంగు సంగతి దాచకుండా చెప్తాను. అలబామా యూనివర్సిటీలో నల్లజాతి అమ్మాయిలను రంగు వల్లే వదిలేశారని 2013లో అక్కడి విద్యార్థుల పత్రిక ది క్రిమ్సన్ వైట్ బయటపెట్టాకే ఆ సొరోరిటీల తలుపులు తెరుచుకున్నాయి. అది నిన్నటి మాటే. ఇప్పుడు మా చాప్టర్లో మన పిల్లలు చాలామందే ఉన్నారు, కానీ క్యాంపస్‌ని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది. మాట్లాడుతున్నప్పుడు చుట్టూ చూడమనండి. నువ్వు ఎక్కణ్ణుంచి వచ్చావు, అసలు ఎక్కణ్ణుంచి అని రెండోసారి అడిగే ఇల్లు ఏదో మీ అమ్మాయికి ఆ రోజే తెలిసిపోతుంది.

కేటీ_నాన్న:

అమ్మా, ఖర్చు గురించి నేను చెప్తాను, నా చెయ్యి కాలింది కాబట్టి. మా అమ్మాయి మూడేళ్ళ క్రితం చేరింది, సంతోషంగానే ఉంది, ఆ మాట ముందే చెప్తున్నాను. కానీ రష్ అప్పుడు చూపించిన అంకె ఒకటి, ఏడాది తిరిగేసరికి కట్టింది ఇంకొకటి. కొత్త సభ్యుల ఫీజు, జాతీయ సంస్థ ఫీజు, చాప్టర్ డ్యూస్ వేరువేరు. ఇంట్లో ఉండకపోయినా భోజనాలకి కట్టాలి, పార్కింగ్ విడిగా, ప్రతి కార్యక్రమానికీ ఒక టీషర్ట్. తప్పనిసరి మీటింగుకి రాకపోతే జరిమానా. మిడ్‌టర్మ్ ఉందని మా పిల్ల మానేసిన రెండు మీటింగులకి బిల్లు వచ్చినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది, ఎందుకంటే ఆ సంగతి ఎక్కడా మాకు ముందు చెప్పలేదు. అదీకాక రెండో ఏడాది తప్పకుండా ఆ ఇంట్లోనే ఉండాలన్న నిబంధన చాలా చాప్టర్లకి ఉంటుంది. అది తెలియక బయట అపార్ట్‌మెంట్ లీజు మీద సంతకం పెట్టేశాం.

మొదటి ఏడాది మొత్తం, రెండో ఏడాది మొత్తం, ఈ రెండూ కాగితం మీద అడగండి. మీ అమ్మాయి చేతే అడిగించండి, డబ్బు మాట రష్ కబుర్లలో వద్దు కానీ రో గామాని అడగొచ్చు, ఇళ్ళవాళ్ళు ఖర్చుల వివరాలిచ్చే రౌండ్ కూడా ఉంటుంది. శాకాహారమైతే వంట సంగతి కూడా ఇప్పుడే కనుక్కోండి. మా అమ్మాయి మొదటి నెలంతా సలాడ్, ఆలుగడ్డతో గడిపింది. తర్వాత అక్కడి వంటావిడకి అది పప్పు వండి చూపించింది, ఇప్పుడు గురువారాలు ఆవిడే వండుతోంది, పోపుతో సహా.

డీకేడీ_చెల్లి:

ఆంటీ, నేను ఇప్పుడు సౌత్ ఏషియన్ సొరోరిటీలో ఉన్నాను, అందుకని ఆ ప్రశ్నకి నేను చెప్తాను. ఇవి మన టెక్సస్‌లో పాతవే. కప్పా ఫై గామా 1998లో ఆస్టిన్‌లో యూటీలో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) పుట్టింది, మాది డెల్టా కప్పా డెల్టా, 1999లో టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో. మా రష్ ఆగస్టులో ఇల్లిల్లూ తిరిగేది కాదు. క్లాసులు మొదలయ్యాక ఒక వారం సాయంత్రాలు ఆటలు, చాయ్, కబుర్లు, ఆఖర్న ఇంటర్వ్యూ. కొద్దిమందిమే కాబట్టి అందరూ అందరికీ తెలుసు, పెద్ద బంగళాలు లేవు, ఖర్చు కూడా వాటితో పోలిస్తే చాలా తక్కువ. అమ్మానాన్న రాత్రి పదింటికి వీడియో కాల్ ఎందుకు చేస్తారో ఇక్కడ ఎవరికీ వివరించక్కర్లేదు, నాకు అదే పెద్ద ఊరట.

కానీ "మనవాళ్ళు కదా, అక్కడికే వెళ్ళు" అని మాత్రం తోయకండి. మా ఇంట్లో అలాగే అన్నారు, నేను మొదటి సెమిస్టరంతా ఆ కోపంతోనే వెళ్ళలేదు, తర్వాత నా అంతట నేనే వెళ్ళాను. ఎటు వెళ్ళాలన్న దానికి ఒకటే దారి లేదు. కమలా హారిస్ వాళ్ళమ్మ చెన్నై నుంచి వచ్చినావిడ, కూతురు హోవర్డ్ యూనివర్సిటీలో 1986లో ఆల్ఫా కప్పా ఆల్ఫాలో చేరింది, 1908లో అక్కడే పుట్టిన నల్లజాతి మహిళల సొరోరిటీ అది. ఒకటి గుర్తుంచుకోండి, ఒక సొరోరిటీలో చేరాక ఇంకోదాంట్లో చేరడం సాధారణంగా కుదరదు. ఆగస్టులో తొందరపడి సంతకం పెడితే సెప్టెంబరులో మా దగ్గరికి రావడం కుదరదు. ఆగస్టులో ఏదీ నచ్చకపోతే మాత్రం మా తలుపు తెరిచే ఉంటుంది.

ర్యాగింగ్ గురించి: ఇక్కడ హేజింగ్ అంటారు, టెక్సస్‌లో నేరం. మన దగ్గర 1997లో ర్యాగింగ్ చట్టం వచ్చినట్టే ఇక్కడ 2024 డిసెంబరులో ఫెడరల్ చట్టం కూడా వచ్చింది, హేజింగ్ చేసిన సంఘాల పేర్లతో యూనివర్సిటీ నివేదిక పెట్టాలి. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, రష్‌కి ముందే మీరూ అంకుల్ కూర్చుని చదవండి. రష్ రోజుల్లో మందు నిషేధం. ఆ తర్వాత, కొత్త సభ్యులుగా ఉండే వారాల్లోనే జాగ్రత్త. "ఇది ఇంట్లో చెప్పకు" అని ఎవరైనా అంటే, అదే రోజు ఇంట్లో చెప్పేలా ఇప్పుడే మాట తీసుకోండి. చెప్తే తిట్టం అని మీరు కూడా మాటివ్వాలి ఆంటీ, లేకపోతే చెప్పదు.

ఫ్రిస్కో_అమ్మ:

ఇన్ని సంగతులు ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి మా ఆయనకి మొత్తం చదివి వినిపించాను. లెక్క సంగతి రెండుసార్లు చదివించుకున్నారు, తర్వాత ఆయనే కంప్యూటర్ ముందు కూర్చుని ఆ నివేదిక తెరిచారు.

పెసరట్లు వేస్తూ నేను, అదీ ప్రాక్టీస్ చేశాం. నేను ఇంటివాళ్ళమ్మాయిని, అది తలుపు తట్టి వచ్చే పిల్ల. చిమ్నీ ఫ్యాన్ పెద్దగా పెట్టాను, గోలలో మాట్లాడటం అలవాటు కావాలని. "ఎందుకు చేరాలనుకుంటున్నావు" అని అడిగాను. అట్టు తిరగేసేలోపు చెప్పింది. "మా అమ్మకి గుంటూరు హాస్టల్ ఫ్రెండ్స్ ఐదుగురున్నారు, ఇరవై ఏళ్ళు దాటినా ప్రతి ఆదివారం పొద్దున ఫోన్లో ఒకరిమీద ఒకరు అరుచుకుంటూ మాట్లాడుకుంటారు, నాకు అక్కాచెల్లెళ్ళు లేరు, నాకూ ఆదివారం ఫోన్ చేయడానికి ఐదుగురు కావాలి" అంది. ఆ ఫోన్లు అది వింటోందని కూడా నాకు తెలియదు. అట్టు మాడిపోయింది.

ఫీజు కట్టేశాం. రెండు చిన్న ప్రశ్నలు. ఎండకి ఏం పంపాలి? బిడ్ డే రోజు మేం అక్కడికి రావాలా?

ఆస్టిన్_అక్క:

అక్కా, ఆ జవాబులో ఒక్క అక్షరం మార్చనివ్వకండి.

సంచిలో చేతి ఫ్యాన్, బ్యాండ్‌ఎయిడ్లు, మొహం అద్దుకునే కాగితాలు, గొడుగు, నీళ్ళ సీసా, బిస్కట్లు. హీల్స్ తలుపు దగ్గర వేసుకుంటే చాలు, ఇంటికీ ఇంటికీ మధ్య నడవడానికి పాత చెప్పులు పెట్టండి. కొత్త చెప్పులతో మొదటి రోజే పాదాలు పుండ్లయిపోతాయి. బట్టలకి వేలు పోయొద్దు, రెండు మూడు గౌన్లు ఉతుక్కుని వేసుకున్నా ఎవరూ చూడరు.

బిడ్ డేకి రావద్దు. ఆ రోజంతా పరుగులు, అరుపులు, ఫొటోలు, మీకు పిల్ల దొరకదు. కానీ రెండో రోజు పొద్దున, పిలిచిన ఇళ్ళ కాగితం చేతికొచ్చే వేళకి ఫోన్ పక్కనే పెట్టుకుని ఉండండి. ఆ ఫోన్ వస్తుంది. ఎత్తగానే "ఎన్ని ఇళ్ళు పిలిచాయి" అని అడగకండి, టిఫిన్ తిన్నావా అని అడగండి.