20 ఏళ్ల సర్వీసు తర్వాత టెట్ (టీచర్ అర్హత పరీక్ష) రాస్తున్నవాళ్లు ఎలా చదువుతున్నారో చెప్పండి

గూడెం బడి ఎస్జీటీ (ఆసిఫాబాద్ జిల్లా):
అందరికీ నమస్కారం. నాది 2003 డీఎస్సీ (టీచర్ నియామక పరీక్ష), ఎస్జీటీని, అంటే ఒకటి నుంచి ఐదు తరగతుల టీచర్ని. ఏకోపాధ్యాయ పాఠశాల, 23 మంది పిల్లలు, ఐదు తరగతులు, లెక్కేస్తే 18 సబ్జెక్టులు. మాకు ఉద్యోగాలొచ్చినప్పుడు టెట్ అనే మాటే లేదు, ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) దాన్ని తెచ్చిందే 2010 ఆగస్టులో, అప్పటికే ఉద్యోగంలో ఉన్నోళ్లకు మినహాయింపు అని అందులోనే రాశారు, ఆ ధైర్యంతోనే ఇన్నేళ్లు ఉన్నాం. ఇప్పుడు 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ఐదేళ్ల కంటే ఎక్కువ సర్వీసు మిగిలినోళ్లందరూ రెండేళ్లలో పాస్ కావాల్సిందే, లేదంటే ఇంటికి పోవాల్సిందే. ఒకసారి రాశాను, 150కి 71 వచ్చాయి. బీసీకి 75 కావాలి. ఆ రోజు ఇంట్లో అన్నం తినబుద్ధి కాలేదు, నా దగ్గర అఆలు దిద్దిన పిల్ల ఇప్పుడు నర్సు ఉద్యోగం చేస్తోంది, నేనేమో టీచర్‌గా పనికిరానన్నట్టు అనిపించింది. చదవడానికి టైమే దొరకట్లేదు. మీరంతా ఎట్ల చేస్తున్నారు?

బయాలజీ టీచర్ (ఖమ్మం):
సార్ ముందు అన్నం మానేయకండి. నాకూ మొదటిసారి పోయింది. నేను స్కూల్ అసిస్టెంట్ బయాలజీ, అంటే హైస్కూల్ టీచర్ని, మేం రాసే పేపర్ 2లో 60 మార్కుల భాగంలో 30 లెక్కలే, మిగతా 30లో ఫిజిక్స్ కెమిస్ట్రీ కూడా కలిసి ఉంటాయి. ఇంటర్ బైపీసీలో చేరిన రోజు నుంచి నేను లెక్కల పుస్తకం ముట్టింది లేదు. రెండోసారి ఏం చేశానంటే గైడ్లన్నీ పక్కన పడేసి 6, 7, 8 తరగతుల లెక్కల పాఠ్యపుస్తకాలు ముందేసుకుని మా స్కూల్ మ్యాథ్స్ సార్ దగ్గర లంచ్ టైంలో పిల్లలా కూర్చున్నా. నిష్పత్తులు, శాతాలు, క్షేత్రమితి మూడూ గట్టిగా పట్టుకున్నా. 94 వచ్చాయి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు సార్.

తెలుగు పండిట్ (నల్గొండ):
మా బాధ ఇంకో రకం. 24 ఏళ్లుగా బడిలో ఛందస్సు, వ్యాకరణం చెప్తున్న మనిషిని, టెట్‌లో తెలుగుకి 30 మార్కులే, సబ్జెక్టు భాగం 60 మార్కులకి సోషల్ రాయాలి. నేను జీవితంలో ఒక్క సోషల్ పీరియడ్ చెప్పలేదు. ఆంధ్రాలో భాషా పండితులకు ఆ 60 మార్కులూ వాళ్ల భాషలోనే ఉన్నాయి, మాకెందుకు లేవు అని ఎవరైనా అడిగితే బాగుండు. పరీక్ష వద్దనట్లేదు, నేను చెప్పే సబ్జెక్టులో నన్ను పరీక్షించండి అంటున్నా. అంతే.

బీఈడీ నిరుద్యోగి:
సార్ లందరికీ గౌరవంతోనే చెప్తున్నా, తప్పుగా అనుకోవద్దు. 2012 డీఎస్సీ నుంచి మేమంతా టెట్ రాసే కదా ముందుకెళ్తున్నాం, నేను నాలుగుసార్లు రాశా, హాస్టల్లో ఉండి ట్యూషన్లు చెప్పుకుంటూ. పిల్లలకు చెప్పేవాళ్లకి ఒక కనీస అర్హత ఉండాలన్నది తప్పెలా అవుతుంది? మా అమ్మ కూలి పనికి పోయి నన్ను సర్కారు బడిలోనే చదివించింది, అక్కడ చెప్పేవాళ్లు గట్టిగా ఉండాలని మాకంటే ఎక్కువ ఎవరు కోరుకుంటారు.

జిల్లా పరిషత్ హెచ్ఎం (సిద్దిపేట):
తమ్ముడూ నీ మాటలో న్యాయం ఉంది. కానీ నువ్వు చదివిన రోజుకి, వీళ్లు చదవాల్సిన రోజుకి తేడా చూడు. మా స్కూల్లో 14 మంది టీచర్లలో 9 మంది రాయాలి. నాకు సర్వీసు మూడేళ్లే ఉంది కాబట్టి నాకు అవసరం లేదు, అందుకే నాకు ఇంకా సిగ్గుగా ఉంటుంది వాళ్లను చూస్తే. పొద్దున రాగానే ముఖం చూపించి హాజరు, పిల్లల హాజరు, తర్వాత మధ్యాహ్న భోజనం లెక్క, యూడైస్ (బడి వివరాల ఆన్‌లైన్ నమోదు), అపార్ ఐడీలో (విద్యార్థి గుర్తింపు సంఖ్య) ఆధార్ పేరు కలవకపోతే తల్లిదండ్రుల వెంట తిరగడం, సిగ్నల్ లేకపోతే గోడ ఎక్కి ఫోన్ పట్టుకుని నిలబడటం. పాఠం చెప్పే మనిషి పాఠం కోసం చదివే టైం ఎప్పుడో పోయింది. టెట్ వల్ల అది బయటపడింది, నేనైతే అలాగే అనుకుంటున్నా.
నేను చేసిందొక్కటే. ఆన్‌లైన్ ఎంట్రీలన్నీ నేనూ, జూనియర్ అసిస్టెంటూ మీదేసుకున్నాం. సాయంత్రం బడి వదిలాక ఒక గంట అందరూ ఒకే గదిలో కూర్చుంటారు, సోషల్ సార్ పండిట్ గారికి చెప్తాడు, పండిట్ గారు అందరికీ తెలుగు చెప్తారు, ఇంగ్లిష్ మేడం ఆ 30 మార్కులు చూసుకుంటుంది. హెచ్ఎంలు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి మీ బడిలోనూ మొదలుపెట్టండి, ఖర్చేం లేదు.

గూడెం బడి ఎస్జీటీ:
హెచ్ఎం సార్, నా బడిలో నేను ఒక్కడినే, ఎవరితో కూర్చోవాలి. లీవ్ పెడితే బడి మూతే. ఇంకోటి, పరీక్ష కంప్యూటర్లో, నాకు మౌస్ పట్టుకోవడమే అలవాటు లేదు, మొదటి పావుగంట చెయ్యి వణికింది. సైకాలజీలో పోయాయి నాకు ఎక్కువ, 30కి 11.

కొత్త టీచర్ (2024 డీఎస్సీ, వరంగల్):
సార్ మీకు సైకాలజీ రాకపోవడమేంటి, రోజూ చూసేదే కదా అది, పేర్లే కొత్త. ఒక చిన్న పని చేయండి. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి ఒకటో తరగతి పిల్లకి చూపించండి, తర్వాత ఒక గ్లాసు నీళ్లు పొడవాటి సన్న గ్లాసులో పోసి ఎందులో ఎక్కువున్నాయో అడగండి. పొడవు గ్లాసు అంటుంది. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే దీన్నే పూర్వ ప్రచాలక దశ అన్నాడు, గ్లాసు మారినా నీళ్లు అంతే ఉంటాయని తెలియకపోవడం పదిలపరచుకొనే భావనా లోపం. మళ్లీ మొదటి గ్లాసులో వెనక్కి పోస్తే సమానమే అని ఆ పిల్లకి తోచదు, అది అవిపర్యయాత్మక భావనా లోపం. రాని లెక్కని పక్కపిల్లాడి సాయంతో చేసేస్తాడు చూడండి, అది వైగాట్‌స్కీ, తెలిసినవాళ్ల సాయంతో పిల్లలు నేర్చుకుంటారని చెప్పినాయన. ఇలా ప్రతి సిద్ధాంతానికీ మీ బడిలో ఒక పిల్లని గుర్తుపెట్టుకోండి. 2009 విద్యాహక్కు చట్టం, ఎన్‌సీఎఫ్ 2005 (జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం) మాత్రం చదవాల్సిందే, వాటికి అడ్డదారి లేదు. మౌస్ సంగతికి మండల కేంద్రంలో ఏ మీసేవ వాళ్లనైనా అడిగి ఆదివారం రెండు గంటలు మాక్ టెస్టులు రాయండి.

గూడెం బడి ఎస్జీటీ:
చెల్లెమ్మా, ఇవాళ గ్లాసులు పెట్టాను. పొడవు గ్లాసు దొరక్క మందుసీసా కడిగి వాడాను. ఒకటో తరగతి పిల్లలు ఐదుగురూ సీసాలోనే ఎక్కువున్నాయన్నారు. ఐదో తరగతోడు లేచి "సార్, మీరే కదా దాంట్ల పోసింది, ఎక్కువెట్ల అయితయ్" అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఇది చూస్తూనే ఉన్నా, పేరే తెలియదు నాకు. ఖమ్మం మేడం, మీ దగ్గర లెక్కల నోట్స్ ఉంటే పంపండి. పండిట్ గారూ, సోషల్ నాకూ కొంచెం కావాలి, పరిసరాల విజ్ఞానంలో కలిసొస్తుంది. ఆదివారం పొద్దున ఆరింటికి ఫోన్లో కలిసి చదువుదామా, మా గూడెంలో ఆ టైంకి సిగ్నల్ బాగుంటుంది.

తెలుగు పండిట్ (నల్గొండ):
వస్తా సార్. మొదటి వారం నేను సంధులు, సమాసాలు చెప్తా.