నల్లరాయిలో తెల్ల సూదిగుల్ల: మన కడప రాయేనా?

ప్రశ్న: కడపలో ఒకరు జానెడు పాలిష్ రాయి అమ్ముతున్నారు, నల్లరాతిలో తెల్లటి కోసు గుల్ల. మన నాపరాయిలో దొరికిందంటున్నారు. అసలుదేనా?

జవాబు 1: గుల్ల అసలుదే కావచ్చు, మన నాపరాయిలో దొరికిందన్న మాట మాత్రం అబద్ధం. గుల్లలున్న జంతువులు పుట్టకముందే మన నాపరాయి ఏర్పడింది. వేంపల్లె వైపు రాళ్లలో కనిపించే పొరలు సూక్ష్మజీవుల దిబ్బలవి, స్ట్రోమటోలైట్లు. మీరు చూసింది ఆర్థోసెరాస్‌లా ఉంది. ఆక్టోపస్ జాతికి దూరపు బంధువు, దాదాపు 40 కోట్ల ఏళ్లది. ఈ సరుకు ఎక్కువగా మొరాకోలోని ఎర్ఫూద్ నుంచే వస్తుంది.

జవాబు 2: భూతద్దంతో చూడన్నా. గుల్ల లోపల అడ్డగోడలుండాలి, వాటి గుంట వైపు వెడల్పు మూతి దిక్కుకు ఉండాలి. వాటిని దాటుకుంటూ సన్నటి గొట్టం పోతుంది, అదే సైఫంకిల్. సేకరించేవాళ్లకు మోజంతా ఆ అడ్డగోడల మధ్య ఏర్పడే గదుల మీదే. కోత పక్కకు జరిగితే గొట్టం కనపడదు, అంతమాత్రాన నకిలీ అనొద్దు. గుల్ల అంచు వెంట గాలిబుడగలుంటే అక్కడ రెసిన్‌తో (గట్టిపడే జిగురు) అతికించారని లెక్క. అసిటోన్‌లో ముంచిన దూదికి నలుపు అంటితే రంగు పూశారు.

జవాబు 1: నిమ్మరసం చుక్క వేసి చూడమనేవాళ్ల మాట వినొద్దు. చుట్టూ ఉన్నదీ సున్నపురాయే కాబట్టి రెండూ పొంగుతాయి, ఏమీ తేలదు, పాలిష్ మాత్రం పోతుంది. చింతపండుతో తోమినా అంతే. మసకబారితే 800, 1500, 3000 నంబరు నీటి గరుకు కాగితాలతో వరసగా తడిపి రుద్దండి. మధ్యలో ఒకటి వదిలేస్తే గీతలు మిగిలిపోతాయి.