డాక్‌కు తగిలించిన రెండో మానిటర్ వెలగడం లేదు

సాలెగూడు: పొద్దుటి నుంచి ఇదే పని, తల వాచిపోయింది. ల్యాప్‌టాప్‌కు ఒకే కేబుల్‌తో కలిపే డాకింగ్ స్టేషన్‌కు (డాక్) రెండు మానిటర్లు తగిలించాను. ఒకటి వస్తోంది. రెండోది క్షణం వెలిగి, ‘సిగ్నల్ లేదు’ అని చూపి నల్లబడుతోంది. కేబుళ్లు అటూ ఇటూ మార్చాను. డ్రైవర్లు తీసేసి మళ్లీ వేశాను. డాక్ పెట్టె మీద రెండు మానిటర్ల బొమ్మ వేశారు మరి!

మూడోకన్ను: ల్యాప్‌టాప్ మోడల్?

సాలెగూడు: కొత్తదేనండి. టైప్-సి ఉంది.

పాతకాపు: ముందు కేబుల్ సంగతి తేల్చండి. ఫోన్ చార్జర్లతో వచ్చే టైప్-సి కేబుళ్లలో చాలావాటికి యూఎస్‌బీ 2.0 వేగమే, అంటే 480 మెగాబిట్లు. వాటిలో వీడియో వెళ్లదు. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వేగమెంతో కేబుల్ మీదే అచ్చు వేయాలని ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నాను, వినేదెవరు?

మూడోకన్ను: ఒక మానిటర్ వస్తోందన్నారు కదా. అయితే లోపం కేబుల్‌ది కాదు.

చిట్టిబల్ల: ల్యాప్‌టాప్‌లో ఉన్నది థండర్‌బోల్ట్ పోర్టేనా?

పాతకాపు: టైప్-సి అన్నారుగా, రెండూ ఒకటే.

చిట్టిబల్ల: ఎలా ఒకటవుతాయండీ? టైప్-సి అనేది పోర్టు ఆకారం, థండర్‌బోల్ట్ అనేది ఆ ఆకారంలోనే నడిచే వేగమైన కనెక్షన్. థండర్‌బోల్ట్ 4 ముద్ర ఉంటే రెండు 4కే (3840×2160 చుక్కల) తెరలు నడపగలగాలని నియమమే ఉంది. పోర్టు పక్కన మెరుపు గుర్తు ఉందా?

సాలెగూడు: లేదు. డి, పి అక్షరాలు కలిసిన గుర్తు ఉంది. అన్నట్టు, మానిటర్లు రెండూ 4కే. చెప్పానుగా?

మూడోకన్ను: చెప్పలేదు.

చిట్టిబల్ల: చిక్కంతా అక్కడే. 4కే తెర 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారుతూ నడవాలంటే సెకనుకు దాదాపు 12.5 గిగాబిట్లు కావాలి. ఇలాంటి డాక్‌లలో చాలావాటికి ఉన్న నాలుగు లేన్లలో (డేటా వెళ్లే దారుల్లో) రెండు యూఎస్‌బీ 3కే పోతాయి. మిగిలిన రెండింటిలో, వీడియో పంపే డిస్‌ప్లేపోర్ట్ పద్ధతి (మీ డి, పి గుర్తు అదే) 1.2 వెర్షన్ లెక్కన వీడియోకు దక్కేది 8.64 గిగాబిట్లే. మీ మొదటి మానిటర్ కూడా 30 హెర్ట్జ్‌లోనే నడుస్తూ ఉండాలి. మౌస్ గబగబా కదిపి చూడండి, బాణం తెగి తెగి పరుగెడుతుంది. రెండింటినీ 1080కి (తక్కువ చుక్కల రిజల్యూషన్‌కు) దించితే రెండింటికీ చోటు సరిపోతుంది. లేదా ఒకదాన్ని ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐకి నేరుగా పెట్టండి.

పాతకాపు: వీడియోను కుదించి మామూలు యూఎస్‌బీ డేటాగా పంపే డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న డాక్ కొంటే ఈ గొడవే లేదు.

చిట్టిబల్ల: ప్రాసెసర్ మీద భారం పడుతుంది, డ్రైవర్ వేసుకోవాలి. ఆ మాట కూడా చెప్పండి.

సాలెగూడు: బాణం తెగుతున్న మాట నిజమే. 1080కి దించితే రెండూ వెలిగాయి గానీ అక్షరాలు అలుక్కుపోయాయి. ఒకటి హెచ్‌డీఎంఐకి మార్చేశాను, ప్రస్తుతానికి నడుస్తోంది. సంతోషం.

గాలిపటం: నా మ్యాక్‌లో డాక్ పెడితే రెండు తెరల మీదా ఒకే బొమ్మ వస్తోంది. ఇదీ లేన్ల సమస్యేనా?

మూడోకన్ను: కాదు. ఒకే కేబుల్‌లో రెండు తెరలు పంపే ఎంఎస్‌టీ పద్ధతిని మ్యాక్ ఓఎస్ రెండు తెరలకు వేర్వేరు బొమ్మలు పంపడానికి వాడుకోదు. వేరే చర్చ పెట్టండి.