నవంబర్ 25 సభ: దిశ వీడియో ఉంచాలా, తీసేయాలా?

కార్యక్రమ కమిటీ నుంచి:
అందరికీ నమస్కారం. స్త్రీలపై హింస నిర్మూలన దినంగా ఐక్యరాజ్యసమితి 1999లో ప్రకటించిన నవంబర్ 25న మెల్‌బోర్న్‌లో మన సంఘం జరపబోయే సభకు సంబంధించి, పనులు పంచుకునే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ముసాయిదాలో ఉన్న దిశ కేసు (2019 నవంబర్‌లో హైదరాబాద్ శివార్లలో యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య) వీడియోను తీసేయాలని నా ప్రతిపాదన. 2019 డిసెంబర్ 6న నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ మాత్రం పోలీసులు చెప్పిన ఆ ఎదురుకాల్పుల కథనం నమ్మదగింది కాదని 2022లో తేల్చింది. మన వరంగల్‌లో 2008 నాటి యాసిడ్ దాడి నిందితులూ పోలీసు కాల్పుల్లోనే పోయారు. దానితో ఏ ఆడపిల్లకు భద్రత పెరిగిందో నాకైతే కనిపించలేదు.

దాని బదులు సమత కేసు చెప్పుకుందాం. ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊళ్లు తిరిగి సామాన్లు అమ్ముకునే ఆ దళిత మహిళపై కూడా 2019 నవంబర్‌లోనే అఘాయిత్యం చేసి చంపేశారు. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు సాక్షులను విచారించి 2020 జనవరి 30న ముగ్గురికి ఉరిశిక్ష విధించింది. ఆమె కోసం మన దగ్గర కొవ్వొత్తులు ఎన్ని వెలిగాయో ఎవరికి వారే గుర్తుచేసుకోవచ్చు.

వేదిక బాధ్యుడి నుంచి:
అక్కా, వీడియో తీసేద్దాం. అయితే ఉరిశిక్షనే గెలుపుగా చూపించవద్దని నా మనవి. హన్మకొండలో పసిపాపపై అత్యాచారం, హత్య కేసులో 2019 ఆగస్టులో వరంగల్ కోర్టు వేసిన మరణశిక్షను హైకోర్టు నవంబర్‌లో జీవితఖైదుగా మార్చింది. శిక్ష ఎంత అన్నదానికంటే ఫిర్యాదు చేయడానికి దారి ఎలా అన్నది చెబితే వచ్చినవారికి పనికొస్తుంది.

కరపత్రాల బాధ్యురాలి నుంచి:
తమ్ముడు చెప్పింది సబబు. ఇండియాలో నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు (జీరో ఎఫ్ఐఆర్) నమోదు చేయాల్సిందేనని, ప్రైవేటు ఆసుపత్రి అయినా బాధితురాలికి ఉచితంగా చికిత్స చేయాల్సిందేనని, ఊళ్లో ఉన్నవారికి మహిళల హెల్ప్‌లైన్ 181 ఉందని ఒక పక్క వేస్తాను. రెండో పక్క ఇక్కడ ఆస్ట్రేలియాలో హింస బాధితులకు సాయం చేసే 1800 రెస్పెక్ట్ ఫోన్ నంబరు 1800 737 732, ఇంగ్లిషు రాని అత్తమ్మలకు, కొత్త కోడళ్లకు దుబాసీ సేవ 131 450. భర్త, అత్తమామలు చూస్తుండగా బల్ల మీది ఈ కాగితాన్ని ఎవరూ తీసుకోరు కాబట్టి, ఆడవాళ్ల మరుగుదొడ్ల తలుపులకు లోపలివైపు అంటించాలి. అత్యాచార బాధితుల పేరు, ఫొటో బయటపెట్టడం భారత చట్టం ప్రకారం నేరం. ఫ్లెక్సీ వేయించేవారు అచ్చుకు ఇచ్చే ముందు నాకు చూపించండి. హాలు తాళాలు ఒక గంట ముందే దొరికితే కాగితాలు నేనే అంటిస్తాను.