సిమ్యులేషన్‌ను కొలతకు సర్దితే అది పరీక్ష అవుతుందా?

శేషాచలవాసి: తిరుపతిలో మా బృందం డాబా మీద రెండు సింటిలేటర్ పలకలను (కణం దూసుకుపోతే మెరిసేవి) ఒకదానిపై ఒకటి అమర్చి కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే మ్యూవాన్ కణాలను లెక్కిస్తోంది. కణాలు పదార్థంలో ఎలా సాగుతాయో లెక్కగట్టే జియాంట్4 ప్రోగ్రామ్‌తో చేసిన సిమ్యులేషన్ కొలతకన్నా ఎక్కువ సంఖ్య చూపింది. రెండు గీతలూ కలిసేదాకా సిమ్యులేషన్‌లో త్రెషోల్డ్ (మ్యూవాన్‌గా లెక్కించడానికి కావలసిన కనీస సంకేతం) పెంచి, ‘కొలతతో సరిచూశాం’ అని నివేదిక రాశారు. తూకం కుదిరేదాకా ముల్లు వంచి తక్కెడ మంచిదంటే ఒప్పుకోగలమా?

కుప్పం పాఠకుడు: దాన్ని కాలిబ్రేషన్ అంటారండీ. పలక అంచుల్లో ఎంత కాంతి పోతుందో ముందుగా ఎవరికీ తెలియదు. నిట్టనిలువుగా వచ్చే మ్యూవాన్లతో సర్దుకుని, తర్వాత పలకలను వంచి, కోణం పెరిగేకొద్దీ సంఖ్య కొసైన్ వర్గం ప్రకారం తగ్గుతోందా అని చూస్తే అది పరీక్షే.

శేషాచలవాసి: వంచి చూడలేదన్నదే నా ఫిర్యాదు. పైగా మూడో పలక ఉంటే పైదీ కిందదీ మ్యూవాన్‌ను పట్టిన ప్రతిసారీ మధ్యది కూడా పట్టిందా లేదా అని లెక్కించి, దాని సామర్థ్యాన్ని సిమ్యులేషన్ ప్రమేయం లేకుండానే తేల్చవచ్చు.

చంద్రగిరి: వేసవిలో డాబా వేడికి పలకలోని మెరుపును విద్యుత్ సంకేతంగా మార్చే ఫొటోమల్టిప్లయర్ గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) మారుతుంది. ఉష్ణోగ్రత రాసుకున్నారా?

కుప్పం పాఠకుడు: మూడో పలకకు డబ్బు ఎవరిస్తారు? సిమ్యులేషన్‌ను ఇంత చులకన చేయకండి. ఊటీలోని కాస్మిక్ కిరణాల ప్రయోగం గ్రేప్స్-3లో 2014 డిసెంబరు 1న ఉరుముల మేఘం వచ్చినప్పుడు మ్యూవాన్లు సుమారు 2 శాతం తగ్గాయి. ఆ తగ్గుదల నుంచి 1.3 గిగావోల్టుల విద్యుత్ పొటెన్షియల్ అని తేల్చింది సిమ్యులేషనే.

శేషాచలవాసి: నేను అడిగింది త్రెషోల్డ్ గురించి. అర్జెంటీనాలోని పియెర్ ఓజే కాస్మిక్ కిరణాల వేధశాలలో మ్యూవాన్లు సిమ్యులేషన్ చెప్పినదానికన్నా 30 శాతానికి పైగా ఎక్కువ కనిపించాయి. వాళ్లు డిటెక్టర్ వివరాలను సర్ది ఆ తేడాను మాయం చేసి ఉంటే, హాడ్రాన్ల (ప్రోటాన్ల వంటి కణాల) పరస్పర చర్యల నమూనాల్లో లోపం ఉందన్న అనుమానం ఎవరికైనా కలిగేదా?

తిరుచానూరు: 1965లో కోలార్ గనుల్లో న్యూట్రినో జాడ పట్టినవారికి జియాంట్4 లేదు.

కుప్పం పాఠకుడు: వాళ్లూ కాగితం మీద లెక్క కట్టే పోల్చారు. అసలు సంగతి చెబుతాను. నేను ఇదివరకు పనిచేసిన చోట తేడా వచ్చిన ప్రతిసారీ తప్పు నా ప్రోగ్రామ్‌దే అన్నారు. నెలల తరబడి వెతికాక వదులైన కేబుల్ బయటపడింది. అందరూ ముందుగా మమ్మల్నే అనుమానిస్తారు.

శేషాచలవాసి: మమ్మల్నయితే అనుమానించడానికి కూడా పిలవరు! కాంతి చొరబడకుండా పలకలకు నల్ల కాగితం చుట్టింది నేను, త్రెషోల్డ్ విలువను ప్రతిరోజూ లాగ్‌బుక్‌లో రాసింది నేను. ఆ పుస్తకం ఒక్కరూ తెరవలేదు. కొలిచి రాసిన విలువ బీరువాలో ఉండగా, కంప్యూటర్ ముందు కూర్చుని ఇంకో విలువ పుట్టించారు. నివేదికలో నా పేరు కృతజ్ఞతల్లో ఉంది.

కుప్పం పాఠకుడు: రాసిన విలువ ఉందని మొదటే చెప్పవలసింది. అలాంటప్పుడు దాన్ని పక్కనపెట్టి సర్దడాన్ని నేనూ సమర్థించను. ఆ విలువతోనే నడిపి, మిగిలిన తేడాను ఉన్నదున్నట్టు ప్రచురించాలి. అయితే ఆ తేడాకు కారణం వెతికేటప్పుడు కేబుళ్లూ పలకలూ ముందు, ప్రోగ్రామ్ తర్వాత.

శేషాచలవాసి: రెండూ ఒకేసారి, ఒకే బల్ల దగ్గర కూర్చుని వెతకాలి. ఎవరు ముందన్న దాంట్లో నేను మీతో ఏకీభవించను. లాగ్‌బుక్ పేజీలు రేపు ఇక్కడ పెడతాను.